స్ప్రింగు రోలర్ కిటికీ తెర: బిగించడం, బిగువు సరిచేయడం, బాగుచేసుకోవడం

కిటికీకి వేసిన స్ప్రింగు రోలర్ తెర పైకి పోవడం మానేసిందంటే చాలామంది దాన్ని విప్పి అటక మీద పడేసి, దుకాణానికి వెళ్లి గొలుసుతో లాగే కొత్త బ్లైండ్ కొనుక్కుంటారు. అంత అవసరం అరుదుగా వస్తుంది. లోపలి స్ప్రింగు నిజంగా తెగిపోయిన తెరలు తక్కువ. స్ప్రింగులో చుట్లు తగ్గిపోవడం వల్లనో, తెరను ఆపి ఉంచే గడియలో దుమ్ము చేరడం వల్లనో మొరాయించే తెరలే ఎక్కువ. ఈ రెండింటికీ కొత్త భాగాలు కొనవలసిన పని లేదు. ఒక స్టూలు, ఒక పట్టకారు, కాస్త ఓపిక ఉంటే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల్లో ఎండ తీవ్రత, ఆషాఢం గాలి, ఆ గాలితో వచ్చే ఎర్రమన్ను మూడూ ఈ తెరల మీద ప్రభావం చూపుతాయి కాబట్టి, బిగించేటప్పుడే కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే తరవాత విప్పవలసిన అవసరం తగ్గుతుంది.

ముందుగా మీ ఇంట్లో ఉన్నది ఈ రకమేనా అని చూసుకోవాలి. పక్కన పూసల గొలుసు వేలాడుతూ, దాన్ని లాగితే తెర పైకీ కిందికీ కదులుతుంటే అది వేరే యంత్రం. అందులో గొలుసు చక్రం దగ్గర బ్రేకులా పనిచేసే చిన్న స్ప్రింగులు ఉంటాయే తప్ప, తెరను పైకి ఎత్తే పొడవాటి స్ప్రింగు సాధారణంగా ఉండదు. గొలుసు గానీ తాడు గానీ లేకుండా, అడుగు పట్టీని చేత్తో పట్టుకుని కిందికి లాగితే దిగి, కొంచెం గుంజి వదిలితే తనంతట తాను చుట్టుకునేదే స్ప్రింగు రోలర్. కాలేజీ సెమినార్ హాళ్లలో ప్రొజెక్టర్ కోసం గోడకు బిగించే తెల్లటి తెరల్లో, చేత్తో లాగే రకం కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. అయితే వాటి స్ప్రింగు బలంగా ఉంటుంది, గొట్టం మొత్తం రేకు పెట్టెలో మూసి ఉంటుంది కనుక కిటికీ తెర మీద చేయి తిరిగిన తరవాతే వాటి జోలికి పోవడం మంచిది.

లోపల ఏముంది

తెర చుట్టుకునే గొట్టం పూర్వం చెక్కతో చేసేవారు, ఇప్పుడు అల్యూమినియంతోనో ఇనుప రేకుతోనో చేస్తున్నారు. ఏదైనా లోపల డొల్లగానే ఉంటుంది. దాని రెండు చివర్లను పరిశీలించి చూస్తే ఒకేలా ఉండవు. ఒక చివర గుండ్రని పిన్ను ఉంటుంది. అది గొట్టంతో పాటు తిరుగుతూ, బ్రాకెట్‌లోని గుండ్రని రంధ్రంలో కూర్చుంటుంది. రెండో చివర పిన్ను చదునుగా, చిన్న కత్తి మొనలా ఉంటుంది. అది బ్రాకెట్‌లోని నిలువు గాడిలో కూర్చుని కదలకుండా ఉండిపోతుంది. ఈ చదును పిన్ను నుంచే లోపలికి ఒక కడ్డీ వెళుతుంది. ఆ కడ్డీ చుట్టూ పొడవాటి స్ప్రింగు ఉంటుంది. స్ప్రింగు ఒక కొస కడ్డీకి, మరో కొస గొట్టానికి అతుక్కుని ఉన్న బిరడాకు బిగించి ఉంటాయి. మనం తెరను కిందికి లాగినప్పుడు గొట్టం తిరుగుతుంది, కడ్డీ తిరగదు. ఆ తేడా మొత్తాన్ని స్ప్రింగు మెలిపడి దాచుకుంటుంది.

ఎన్ని మెలికలు పడతాయో లెక్క వేసుకుంటే తరవాతి పని సులువవుతుంది. 25 మిల్లీమీటర్ల గొట్టం మీద, అర మిల్లీమీటరుకు కొంచెం తక్కువ మందం ఉన్న 5 అడుగుల బట్ట పూర్తిగా చుట్టుకోవడానికి ఇంచుమించు పదిహేను చుట్లు కావాలి. అంటే తెరను పై నుంచి అడుగు దాకా దించితే స్ప్రింగులో పదిహేను మెలికలు అదనంగా పడతాయి. తెర పూర్తిగా పైకి చుట్టుకుని ఉన్నప్పుడు కూడా స్ప్రింగులో కొన్ని మెలికలు మిగిలి ఉండాలి. ఆ మిగులునే ఇక్కడ బిగువు అంటున్నాను. ఆ మిగులు తగ్గితే తెర సగంలో ఆగిపోతుంది, పెరిగితే తెర దూసుకుపోయి అడుగు పట్టీ బ్రాకెట్‌ను కొడుతుంది.

ఇందులో ఒక అందమైన పొందిక ఉంది. తెర ఎంత కిందికి దిగితే వేలాడే బట్ట బరువు అంత ఎక్కువ, అదే సమయంలో స్ప్రింగులో మెలికలూ అంతే ఎక్కువ. తెర పైకి వెళ్లేకొద్దీ బరువు తగ్గుతుంది, స్ప్రింగు బలమూ తగ్గుతుంది. బజారులో దుకాణాల షట్టర్లను ఒక్క మనిషి ఎత్తగలగడానికి కారణం కూడా పైన పెట్టెలో ఉండే స్ప్రింగులే. షట్టరుకు లేనిదీ కిటికీ తెరకు ఉన్నదీ ఆపే గడియ.

ఆ గడియ చదును పిన్ను ఉన్న వైపే ఉంటుంది. కదలని కడ్డీకి ఒకటి రెండు పళ్లున్న చిన్న చక్రం బిగించి ఉంటుంది. తిరిగే గొట్టపు మూతకు అటూ ఇటూ ఊగే చిన్న లోహపు నాలుకలు ఉంటాయి. తెరను లాగేటప్పుడు నాలుకలు పళ్ల మీదుగా టకటకమంటూ జారిపోతాయి. చెయ్యి ఆపగానే గొట్టం వెనక్కి తిరగబోతుంది. అప్పుడు పైన ఉన్న నాలుక తన బరువుతో పంటి గాడిలోకి పడి గొట్టాన్ని నిలిపేస్తుంది. మళ్లీ కొంచెం కిందికి గుంజితే నాలుక గాడి నుంచి బయటికి వస్తుంది. వదిలేస్తే గొట్టం వేగంగా తిరుగుతుంది కాబట్టి నాలుకలు బయటివైపుకు విసిరినట్టు ఉండిపోయి పళ్లను అందుకోవు. నెమ్మదిగా తిరిగితే పట్టుకోవడం, వేగంగా తిరిగితే వదిలిపెట్టడం, ఇంతే దీని గుట్టు. అమెరికాకు చెందిన స్టూవర్ట్ హార్ట్‌షార్న్ 1864లో స్ప్రింగు రోలర్ తెరకు పేటెంటు పొందాడు. నేటి తెరల్లోని ఏర్పాటు ఆ ఆలోచనకు కొనసాగింపే. తాడు అవసరం లేకుండా తెర ఎక్కడంటే అక్కడ ఆగడం అందులోని సౌకర్యం. చిన్నపిల్లలున్న ఇళ్లలో మెడకు చుట్టుకునే తాళ్లూ గొలుసులూ ఉండకూడదని ఇప్పుడు అన్ని చోట్లా చెబుతున్నారు కనుక, ఈ పాత పద్ధతికి విలువ తగ్గలేదు.

కొలతలు, బిగింపు

మన ఇళ్ల కిటికీల్లో ఒక చిక్కు ఉంది. చువ్వలు చట్రం మధ్యలో ఉంటాయి, రెక్కలు కొన్ని ఇళ్లలో బయటికి, కొన్ని ఇళ్లలో లోపలికి తెరుచుకుంటాయి, ఆపైన దోమల జాలీ చేరుతుంది. రెక్కలు లోపలికి తెరుచుకునేవైతే చట్రం లోపల తెర బిగించడం కుదరదు. గోడ మీద, చట్రానికి పైన బిగించాలి. అప్పుడు తెర కిటికీ కంటే ఇరువైపులా కనీసం రెండేసి అంగుళాలు ఎక్కువ వెడల్పు ఉంటేనే పక్కల నుంచి వెలుతురు చారలు పడవు. రెక్కలు బయటికి తెరుచుకునేవైతే చట్రం లోపలే బిగించవచ్చు. ఈ ప్రాంతానికి ఇదే మేలని నా అభిప్రాయం. గోడ మీద వేలాడే తెర కంటే చట్రం లోతులో ఉన్న తెరను గాలి తక్కువగా ఊపుతుంది.

చట్రం లోపల బిగించేటప్పుడు వెడల్పును పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి, అన్నింటికంటే తక్కువ వచ్చిన కొలతనే తీసుకోవాలి. పాత మిద్దెల్లో చట్రం పైన ఒక కొలత, కింద ఒక కొలత ఉండటం మామూలే. బ్రాకెట్లకూ పిన్నులకూ పట్టే చోటు పోను, బట్ట వెడల్పు చట్రం వెడల్పు కంటే సుమారు ఒక అంగుళం పైచిలుకు తక్కువే వస్తుంది. ఈ సందును తప్పించలేము కనుక గది పూర్తిగా చీకటి కావాలనుకునేవారు గోడ మీది బిగింపునే ఎంచుకోవాలి. పొడవు విషయంలో కిటికీ ఎత్తుకు మరో ముప్పావు అడుగు నుంచి అడుగు వరకు కలుపుకోవాలి. తెర పూర్తిగా దిగినా గొట్టం మీద ఒకటిన్నర, రెండు చుట్ల బట్ట మిగిలి ఉండాలి. లేకపోతే గట్టిగా లాగిన రోజున బట్ట గొట్టం నుంచి ఊడి చేతికి వస్తుంది.

బ్రాకెట్ల మధ్య దూరమే అసలైన కొలత. గొట్టాన్ని రెండు బ్రాకెట్లలో కూర్చోబెట్టి పక్కకు జరిపి చూస్తే, ఒక రూపాయి నాణెం దూరేంత వదులు ఉంటే చాలు. అంతకంటే బిగుతైతే గొట్టం రాసుకుని తిరగదు, వదులైతే ఒక రోజు తెర లాగగానే గొట్టం నెత్తి మీద పడుతుంది.

రెండు బ్రాకెట్లూ ఒకే మట్టంలో ఉండాలి. దీనికోసం పైకప్పు నుంచి గానీ చట్రం పై అంచు నుంచి గానీ కొలవకూడదు. అవే వంకరగా ఉండవచ్చు. మేస్త్రీ దగ్గర ఉండే రసమట్టం అడిగి తెచ్చుకోవడం ఉత్తమం. మట్టం తప్పితే వచ్చే నష్టం వెంటనే కనిపించదు. చుట్టుకునే ప్రతిసారీ బట్ట ఒక పక్కకు కొంచెం కొంచెం జరుగుతూ పోయి, కొన్ని నెలలకు అంచు బ్రాకెట్‌కు రాసుకుని పీచులు లేస్తుంది.

గోడలో రంధ్రం వేసేటప్పుడు గోడ దేనితో కట్టారో తెలుసుకోవాలి. కాంక్రీటు లింటెల్ అయితే హ్యామర్ డ్రిల్లింగ్ మిషన్‌తో 6 మిల్లీమీటర్ల బిట్టు వాడి, పూత మందం దాటి లోపలికి ప్లగ్గు పూర్తిగా దిగేంత లోతు వేయాలి; పూతలోనే ఆగిన ప్లగ్గు మొదటి గట్టి లాగుడుకే ఊడివస్తుంది. పాత మిద్దెల్లో మట్టి, సున్నంతో కట్టిన రాతి గోడలకు ప్లగ్గు పట్టు దొరకదు. అలాంటిచోట ముందు ఒక చెక్క పట్టీని రెండు మూడు చోట్ల గట్టి రాయికి బిగించి, బ్రాకెట్లను ఆ పట్టీకి బిగించడం మంచిది. కిటికీ పైనా పక్కలా కడప బండ గానీ తాడిపత్రి బండ గానీ, బేతంచెర్ల నాపరాయి గానీ పెట్టి ఉంటే వాటి అంచున రంధ్రం వేయవద్దు. ఆ రాయి పొరలు పొరలుగా లేస్తుంది. తప్పదనుకుంటే అంచు నుంచి కనీసం రెండంగుళాలు లోపలికి, మిషన్‌లో సుత్తి దెబ్బను ఆపేసి, నీళ్లు చిలకరిస్తూ నిదానంగా వేయాలి. టేకు, వేప చట్రాలకు స్క్రూ కంటే సన్నని బిట్టుతో ముందు దారి చేసుకుంటే చెక్క చీలదు. యూపీవీసీ చట్రాల్లో అద్దం పట్టే భాగానికి దూరంగా, చట్రం ప్రధాన భాగంలోనే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు (తమ దారి తామే చేసుకునేవి) దించాలి.

చదును పిన్ను ఏ వైపు రావాలన్నది స్ప్రింగు మెలిక తిరిగే దిశను బట్టి, బట్ట గొట్టానికి గది వైపు నుంచి దిగుతుందా అద్దం వైపు నుంచి దిగుతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అటూ ఇటూ మార్చి పెడితే బట్ట వేరే వైపు నుంచి దిగుతుంది. పాత తెర విప్పే ముందు గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే ఈ తికమక ఉండదు.

బిగువు పెంచడం, తగ్గించడం

తెర సగంలో ఆగిపోతోందంటే బిగువు చాలడం లేదని అర్థం. దీన్ని సరిచేయడానికి తెరను సగం వరకు కిందికి లాగి, చెయ్యి ఒక్క క్షణం నిలిపి, గడియ పడేలా చూడాలి. గడియ పడిందని నిర్ధారించుకున్నాకే గొట్టాన్ని బ్రాకెట్ల నుంచి తీయాలి. చదును పిన్ను ఉన్న వైపు పైకెత్తితే గాడి నుంచి వచ్చేస్తుంది. తరవాత గుండ్రని పిన్ను జారుతుంది. ఇప్పుడు స్ప్రింగులో పడిన మెలికలు గడియ చేతిలో భద్రంగా ఉన్నాయి. చదును పిన్నును అటూ ఇటూ తిప్పకుండా, వేలాడే బట్టను చేత్తో గొట్టానికి గట్టిగా, అంచులు సమానంగా వచ్చేలా చుట్టేయాలి. చుట్టిన గొట్టాన్ని తిరిగి బ్రాకెట్లలో పెట్టాలి.

ఇక్కడ జరిగినదేమిటంటే, ఆరేడు మెలికలు స్ప్రింగులోకి వెళ్లాయి, బట్ట మాత్రం మన చేత్తో పైకి చేరింది. అంటే తెర పూర్తిగా పైన ఉన్నా ఆ మెలికలు మిగులుగా నిలిచాయి. ఒకసారి లాగి వదిలి చూడాలి. ఇంకా బద్ధకంగా లేస్తుంటే మళ్లీ ఇదే పని చేయాలి, కానీ ఈసారి సగం కాకుండా పావు వంతు మాత్రమే లాగాలి. ఒకేసారి ఎక్కువ బిగువు ఎక్కించడం కంటే కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడమే క్షేమం. బిగువు ఎక్కువైతే తెర పూర్తిగా దించినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదాని మీద ఒకటి బిగుసుకుపోయి, ఇంకా లాగితే స్ప్రింగు కొస ఊడిపోతుంది. ఆ తరవాత ఏ ఉపాయమూ పనిచేయదు.

ఎంత బిగువు సరిపోతుందో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. తెరను పూర్తిగా దించి, గడియ విడిపించి, అడుగు పట్టీ మీద రెండు వేళ్లు ఆనించి దానితో పాటే పైకి పోనివ్వాలి. మొదటి అడుగులోనూ చివరి అడుగులోనూ వేళ్ల మీద లాగుడు తెలుస్తూ ఉండి, చివరికి పట్టీ చప్పుడు లేకుండా పైకి చేరితే బిగువు సరిగ్గా ఉన్నట్టు. చివరి జానెడు దగ్గర లాగుడు తగ్గిపోయి చేత్తో నెట్టవలసి వస్తే ఇంకొక రెండు మూడు చుట్లు కావాలి.

తెర దూసుకుపోతుంటే బిగువు తగ్గించాలి. ఈ పనిలో ఎక్కువమంది తొందరపడి వేళ్లు నలగ్గొట్టుకుంటారు. పూర్తిగా పైన ఉన్న తెరను అలాగే తీయకూడదు, ఎందుకంటే అప్పుడు గడియ పడి ఉండకపోవచ్చు. బ్రాకెట్ నుంచి వచ్చిన మరుక్షణం చదును పిన్ను బుర్రుమని తిరుగుతుంది. తెరను నాలుగైదు అంగుళాలు కిందికి లాగి గడియ పడేలా చేసి, ఆ తరవాత గొట్టాన్ని తీసి, బట్టను చేత్తో ఒక అడుగో అడుగున్నరో విప్పి, తిరిగి బ్రాకెట్లలో పెట్టాలి. గుంజి వదిలితే తెర ఇప్పుడు నెమ్మదిగా లేస్తుంది.

ఎప్పుడో విప్పి అటక మీద పడేసిన తెరలో స్ప్రింగు పూర్తిగా విడిపోయి ఉంటే పై పద్ధతి చాలదు. అప్పుడు గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని, చదును పిన్నును పట్టకారుతో గట్టిగా పట్టి తిప్పాలి. ఒక దిశలో తిప్పితే టక్‌టక్‌మంటూ తిరుగుతుంది, రెండో దిశలో గడియ అడ్డుపడుతుంది. టక్‌టక్‌మని తిరిగే దిశే బిగువు ఎక్కే దిశ. ఆరేడు చుట్లు తిప్పి, గడియ పడ్డాక వదిలి, బ్రాకెట్లలో పెట్టి పరీక్షించాలి. ఎన్ని చుట్లు తిప్పినా చేతికి ఎదురు తగలకపోతే స్ప్రింగు తెగిందని గానీ, లోపలి బిరడా గొట్టం నుంచి విడిపోయిందని గానీ అర్థం. అలాంటి గొట్టాన్ని బాగుచేయడానికి పడే శ్రమకు ఫలితం ఉండదు. బట్ట బాగుంటే దాన్ని ఉంచుకుని గొట్టం మాత్రం మార్చాలి.

గడియ నిలవకపోతే

లాగిన తెర నిలవకుండా పైకి పోతుంటే ముందుగా లాగే తీరును గమనించాలి. ఈ ఫిర్యాదుల్లో కొన్ని యంత్రానివి కావు, చేతివి. పట్టీని చకచకా లాగి చటుక్కున వదిలేస్తే నాలుక గాడిలోకి పడే వ్యవధి ఉండదు. కావలసిన ఎత్తు కంటే ఒక అంగుళం కిందికి లాగి, చెయ్యి వదలకుండా నిదానంగా పైకి పోనిస్తే గడియ పడినట్టు చేతికే తెలుస్తుంది.

అలా చేసినా నిలవకపోతే చదును పిన్ను ఉన్న చివరను చూడాలి. మన ఊళ్లలో ఇక్కడ ఉండేది చాలావరకు దుమ్మే. కొత్తగా వేసిన లేఅవుట్లలో, చేల పక్కన, వేరుశనగ నూర్పిళ్లు జరిగే చోట్ల ఉన్న ఇళ్లలో ఈ దుమ్ము మెత్తగా, పొడిగా ఉండి మూత సందుల్లోంచి నేరుగా నాలుకల ఇరుసు దగ్గరికి చేరుతుంది. దుమ్ము ఒక్కటే అయితే పెద్ద నష్టం లేదు. ఎవరో ఒకరు కిర్రుమంటోందని రెండు చుక్కల కొబ్బరి నూనె పోసి ఉంటారు. నూనె, ఎర్రమన్ను కలిసి గట్టి పిండిలా మారి, నాలుకను ఇరుసుకు అంటించేస్తాయి. చలికాలంలో కొబ్బరి నూనె గడ్డకడితే పగలు పనిచేసిన తెర తెల్లవారుజామున మొరాయిస్తుంది. కుట్టు మిషన్ నూనె గడ్డకట్టదు గానీ దుమ్మును పట్టుకోవడంలో దానికీ తేడా లేదు. ఈ గడియకు ద్రవ రూపంలో ఉన్నది ఏదీ పోయకూడదని నా గట్టి అభిప్రాయం.

శుభ్రం చేయడానికి గొట్టాన్ని తీసి, చదును పిన్ను వైపు మూతను పొడి టూత్‌బ్రష్‌తో రుద్ది, దుమ్ము రాలేలా తట్టాలి. పాత నూనె జిడ్డు ఉంటే మందుల దుకాణంలో దొరికే స్పిరిట్‌ను గుడ్డకు అద్ది తుడవాలి. పొయ్యికీ దీపానికీ దూరంగా, కిటికీ తెరిచి ఈ పని చేయాలి. థిన్నర్ వాడితే ప్లాస్టిక్ మూతలు మెత్తబడతాయి. పూర్తిగా ఆరాక నాలుకలను గోటితో కదిపి చూస్తే అవి తమ బరువుతోనే అటూ ఇటూ వాలిపోవాలి. అంత స్వేచ్ఛగా వాలకపోతే తాళాలకు వాడే గ్రాఫైట్ పొడిని చిటికెడు చల్లాలి. అది దొరకకపోతే 6బీ పెన్సిలు ముల్లును బ్లేడుతో గీకిన పొడి కూడా పనికివస్తుంది. ఆ రకంలో గ్రాఫైట్ పాలు ఎక్కువ.

గడియ శుభ్రంగా ఉన్నా తెర నిలవకపోతే బ్రాకెట్ గాడిని పరిశీలించాలి. పలచటి రేకు బ్రాకెట్లలో ఏళ్ల తరబడి వాడకంతో గాడి అరిగి వెడల్పై, చదును పిన్ను అందులో తిరుగుతూ ఉంటుంది. కదలకూడనిది కదులుతుంటే నాలుక పట్టుకున్నా ప్రయోజనం లేదు. పిన్ను వంగి ఉంటే పట్టకారుతో నెమ్మదిగా నిటారు చేయవచ్చు. గాడి అరిగితే బ్రాకెట్ మార్చాలి. ఇది చవకైన భాగం.

తెర కిందే ఇరుక్కుపోయి లేవకపోతే ఒక అంగుళం కిందికి గుంజి వదలాలి. రెండు మూడు సార్లు గుంజినా లేవకపోతే నాలుక తుప్పు పట్టి పంటికి పట్టేసిందని అర్థం. ఇలాంటప్పుడు బలప్రయోగం చేస్తే బట్ట చిరుగుతుంది, గొట్టాన్ని తీసి పైన చెప్పినట్టు శుభ్రం చేయడమే మార్గం.

బట్ట పక్కకు జరిగితే

బ్రాకెట్లు మట్టంగా ఉన్నా బట్ట ఒక వైపుకు పోతుంటే తెరను పూర్తిగా దించి, గొట్టం కనిపించేలా చేసి, బట్ట పోతున్న వైపుకు ఎదురు వైపున గొట్టం మీద ఒక చిన్న కాగితపు టేపు ముక్కను అతికించాలి. ఎడమకు పోతుంటే కుడివైపున, కుడికి పోతుంటే ఎడమవైపున. టేపు ఉన్న చోట గొట్టం కొంచెం లావై, బట్టను ఆ వైపుకు రప్పిస్తుంది. ఒక పొర చాలకపోతే రెండో పొర వేయవచ్చు.

కొత్త బట్ట వేయించుకునేవారు టైలరుకు ఇచ్చే ముందు ఒక మాట చెప్పాలి. టైలరు ఏ బట్ట చేతికిచ్చినా అలవాటుగా పక్క అంచులు మడిచి కుట్టేస్తాడు. ఈ తెరకు అది పనికిరాదు. మడత వల్ల అంచుల దగ్గర మందం రెండింతలై, పదిహేను చుట్లలో ఆ తేడా పెరిగి పెరిగి, గొట్టం రెండు చివర్లా లావుగా, మధ్యలో సన్నగా చుట్టుకుంటుంది. తెర ముడతలు పడి, పిన్నుల మీద బరువు పడుతుంది. అంచులు కత్తిరించినా పోగులు ఊడని పూత బట్ట తీసుకుని, పక్కలను కుట్టకుండా వదిలేయాలి. అడుగున మాత్రం పట్టీ దూరేంత గొట్టపు కుట్టు వేయించాలి. బట్టను గొట్టానికి అంటించేటప్పుడు పై అంచు, పక్క అంచు మధ్య కోణం సరిగ్గా ఉందో లేదో వడ్రంగి మూలమట్టంతో చూసుకోవాలి. చెక్క గొట్టమైతే చిన్న పిన్నులు కొట్టవచ్చు, అల్యూమినియం గొట్టమైతే రెండు వైపులా జిగురున్న టేపు పట్టు ఇస్తుంది, గాడి ఉన్న రకానికి బట్టను గాడిలో దూర్చి సన్నని పట్టీతో బిగిస్తారు.

రంగు ఎంచుకునేటప్పుడు అద్దం వైపు తెలుపు గానీ లేత రంగు గానీ ఉండేలా చూసుకోవాలి. తెర గది లోపల ఉంటుంది కనుక అప్పటికే అద్దం దాటి వచ్చిన వేడిలో కొంత భాగాన్నే అది వెనక్కి తిప్పగలదు. పడమటి కిటికీకి బయటివైపు సన్‌షేడు గానీ, తడిపిన వట్టివేళ్ల తడిక గానీ చేసే మేలు లోపలి తెర చేయలేదు. రోలర్ తెర వల్ల వచ్చే అసలు లాభం కళ్లల్లో పడే వెలుతురు తగ్గడం, మంచం మీదా టీవీ మీదా నేరుగా ఎండ పడకపోవడం.

ఆషాఢం గాలులు మొదలయ్యాక కిటికీ తెరిచి ఉంచి తెర దించకూడదు. గాలి తగ్గిన క్షణంలో బట్ట చువ్వలకు అతుక్కుపోయి, మరుక్షణం పటపటమంటూ గదిలోకి కొట్టుకుంటుంది. ఆ కుదుపులకు గడియ దానంతటదే విడిపోయి తెర పైకి ఎగిరిపోతుంది. గాలి కావాలంటే తెర ఎత్తాలి, నీడ కావాలంటే కిటికీ మూయాలి. రెండూ కావాలనుకునేవారు అడుగు పట్టీని చట్రానికి చిన్న కొక్కెంతో తగిలించుకోవచ్చు, అయితే కొక్కెం తీయకుండా తెర గుంజకూడదని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

గాలి సీజను అయ్యాక, అక్టోబరు ప్రాంతంలో, ఏడాదికోసారి గొట్టాన్ని దించి గడియను బ్రష్‌తో దులిపితే చాలు. పనికిరాని గొట్టాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు చదును పిన్నును పట్టకారుతో గట్టిగా పట్టుకుని, టక్‌టక్‌మనే దిశలో ఒక్క పిసరు తిప్పి, గొట్టాన్ని ఒక పక్కకు వాల్చి నాలుకలు గాడి నుంచి తొలిగాక, పట్టకారును వదలకుండా ఒక్కో చుట్టే వెనక్కి పోనిస్తూ స్ప్రింగులోని బిగువు మొత్తం ఖాళీ చేయాలి.